చక్రాల మీది ఇల్లు, పునాది మీది ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలోని శ్రామిక, మధ్యతరగతి కుటుంబాలు ఎలాంటి ఇళ్లలో కాపురాలు పెట్టాయో వివరిస్తూ క్రితం సంచికలో ఒక వ్యాసం వేశాం. కారుకు తగిలించి లాక్కుపోయే చక్రాల ఇళ్లయిన ట్రైలర్లతో మొదలై, శివారు కాలనీల్లో రాంబ్లర్ అని పిలిచే ఒకే అంతస్తు ఇళ్ల దాకా సాగిన ఆ కథ మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: యుద్ధంలో గెలిచిన దేశం, ఒక్క కర్మాగారం కూడా బాంబుల పాలు కాని దేశం. అక్కడ సైన్యం నుంచి తిరిగి వచ్చినవారికి తలదాచుకునే చోటు లేకపోయిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. (ఒక చరిత్ర విద్యార్థి)

జవాబు: ఆ కొరత యుద్ధంతో పుట్టింది కాదు. 1925లో అమెరికాలో 9 లక్షల 37 వేల కొత్త ఇళ్లకు పని మొదలైతే, మహామాంద్యం ముదిరిన 1933లో ఆ సంఖ్య 93 వేలకు పడిపోయింది. ఆ దశాబ్దం చివర నిర్మాణరంగం కాస్త కోలుకుంటోందనగా యుద్ధం వచ్చిపడింది. 1942 ఏప్రిల్‌లో యుద్ధోత్పత్తి మండలి అత్యవసరం కాని కట్టడాలను ఆపేయించి, కలప, రాగి, ఉక్కు ముందుగా యుద్ధావసరాలకే వెళ్లాలని నిర్ణయించింది. కాబట్టి 1945లో ఊరికి తిరిగి వచ్చిన యువకుడు ఇల్లు వెతుక్కోవడానికి బయలుదేరేసరికి, దేశంలో ఒకటిన్నర దశాబ్దాల పాటు కట్టకుండా వదిలేసిన ఇళ్ల లోటు పేరుకుపోయి ఉంది. ఆ యుద్ధకాలంలో సాయుధ దళాల్లో పనిచేసినవారు దాదాపు 1 కోటి 60 లక్షల మంది. వారిలో చాలామంది వచ్చీ రాగానే పెళ్లి చేసుకున్నారు. ఏడాది రెండేళ్లు తిరిగేసరికి చంకలో పిల్లలు.

అత్తవారింట్లోనో తల్లిదండ్రుల ఇంట్లోనో ఒక గదిలో సర్దుకోవడం ఆనాడు సర్వసాధారణం. అది కుదరనివారు ట్రైలర్లలో, గ్యారేజీల్లో, సైన్యం వదిలేసిన రేకుల షెడ్లలో చేరారు. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో 1946లో రాడ్జర్ యంగ్ విలేజ్ అనే కాలనీ వెలసింది. పీపాను నిలువునా చీల్చి బోర్లించినట్టుండే క్వాన్‌సెట్ గుడిసెలు అక్కడ 750 వేశారు. ఒక్కో గుడిసెను మధ్యలో అడ్డుగోడతో రెండు వాటాలు చేసి 1,500 కుటుంబాలను ఉంచారు. తాత్కాలికమనుకున్న ఆ కాలనీ 1954 దాకా నడిచింది. ఉచిత చదువు సదుపాయం వాడుకుని కళాశాలల్లో చేరిన మాజీ సైనికులకు విశ్వవిద్యాలయాలు తమ మైదానాల్లోనే ట్రైలర్లు వరుసగా నిలిపి అద్దెకిచ్చాయి.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అధ్యక్షుడు ట్రూమన్ లూయివిల్ నగర మేయరుగా పనిచేసిన విల్సన్ వయాట్‌ను పిలిచి గృహనిర్మాణ బాధ్యత అప్పగించాడు. 1947 ముగిసేలోపు 27 లక్షల ఇళ్లు అన్న లక్ష్యం పెట్టుకున్న వయాట్, సామగ్రి కేటాయింపుల మీద, కర్మాగారాల్లో తయారయ్యే ఇళ్లకు అప్పులివ్వడం మీద తక్కిన శాఖలతో పడిన పేచీల్లో విసిగి 1946 డిసెంబరులోనే రాజీనామా చేశాడు. అప్పటి లోటును చివరికి తీర్చినది ఆయన పథకం కాదు, మరో దారిన వచ్చిన బ్యాంకు అప్పు. దాని సంగతి మూడో జవాబులో వస్తుంది.

ఇంకొక్క మాట. ఈనాటి కళ్లతో చూసి ఆ దేశంలోని పాత ఇళ్లన్నీ సకల వసతులతో ఉండేవనుకోకూడదు. 1950 నాటి లెక్కల్లో కూడా మూడో వంతుకు పైగా ఇళ్లలో వేడి, చన్నీళ్ల కుళాయిలు, స్నానపు తొట్టి లేదా షవర్, లోపలే మరుగుదొడ్డి, ఇవన్నీ కలిసి ఉన్న ఏర్పాటు లేదు.

ప్రశ్న: ట్రైలరులో పిల్లలతో సంసారం ఎలా చేసేవారు? వంట ఎక్కడ, పడక ఎక్కడ, స్నానం ఎక్కడ? (ఒక గృహిణి)

జవాబు: రోడ్ల మీద లాగడానికి రాష్ట్రాలు విధించిన పరిమితి వల్ల అప్పటి ట్రైలరు వెడల్పు 8 అడుగులు మించేది కాదు. పొడవు 20 అడుగుల పైచిలుకు నుంచి 30 అడుగుల దాకా ఉండేది. గోడల మందం తీసేస్తే లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదిగి నిలబడాల్సినంత చోటు మాత్రమే మిగిలేది. ముందు భాగంలో సోఫా. రాత్రికి దాన్ని లాగితే మంచం. మధ్యలో వంట పొయ్యి, ఐసుపెట్టె, గోడకు మడిచేసే బల్ల. వెనుక వైపు తల్లిదండ్రుల పడక. ఒక మూల నూనెతో మండే చిన్న హీటరు. చలికాలంలో పల్చటి గోడల లోపలి వైపు ఆవిరి చేరి నీళ్లు కారేవి, పరుపు గోడకు తగిలినచోట తడిసేది.

యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారాల కార్మికుల కోసం ప్రభుత్వం వేల సంఖ్యలో కొన్న ట్రైలర్లలో కుళాయి నీళ్లు కూడా ఉండేవి కావు. బయటినుంచి బకెట్లతో నీళ్లు తెచ్చుకోవాలి. సింకులో పారబోసిన నీళ్లు కింద పెట్టిన మరో బకెట్లో పడతాయి. అది నిండకముందే ఎవరో ఒకరు తీసి పారబోయాలి. స్నానానికీ మరుగుదొడ్డికీ ట్రైలర్ల పార్కు మధ్యలో అందరికీ కలిపి కట్టిన షెడ్డుకు వెళ్లాలి. మంచు కురిసే జనవరి రాత్రి నాలుగేళ్ల పిల్లవాడికి కోటు, బూట్లు తొడిగి అక్కడికి తీసుకువెళ్లే తల్లి అవస్థను మీకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు.

యుద్ధం ముగిశాక రెండు మూడేళ్లలో పరిస్థితి మారసాగింది. విమానాల తయారీ తగ్గిపోవడంతో ఓక్లహోమాలోని టల్సాలో స్పార్టన్ విమాన కంపెనీ, కోటీశ్వరుడు పాల్ గెట్టీ ఆధ్వర్యంలో, విమానాల మాదిరిగానే రివెట్లు కొట్టిన అల్యూమినియం ట్రైలర్లు చేసింది. అవి అందరికీ అందే ధరలో లేవు గాని, వాటిలోని పనితనం చూసి పోటీ కంపెనీలు మెరుగుపడ్డాయి. స్నానాల గది ట్రైలరులోకే వచ్చింది. అసలైన మార్పు మాత్రం 1954లో, విస్కాన్సిన్‌లోని మార్ష్‌ఫీల్డ్ హోమ్స్ అధిపతి ఎల్మర్ ఫ్రే 10 అడుగుల వెడల్పున్న నమూనాను తెచ్చినప్పుడు జరిగింది. రెండడుగులే కదా అనిపిస్తుంది. 8 అడుగుల ట్రైలరులో చివరి గదికి వెళ్లాలంటే ముందు గదిలో నిద్రపోతున్నవారి పక్కనుంచే పోవాలి. 10 అడుగులైతే ఒక పక్కన నడవా తీసి, పడకగదికి తలుపు బిగించవచ్చు. పెళ్లయిన జంటకూ ఎదుగుతున్న పిల్లలకూ మధ్య మూసుకునే తలుపు ఉండడం ఎంత పెద్ద సంగతో సంసారం చేసినవారికి తెలుసు. అలాంటి వెడల్పాటి ట్రైలరును రోడ్డెక్కించాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. సొంత కారుకు కట్టుకుని లాక్కుపోయే రోజులు దాంతో పోయాయి. అలాంటి ట్రైలరు పేరు మొబైల్ హోమ్, అంటే కదిలే ఇల్లు, అయినా, చాలావరకు దుకాణం నుంచి పార్కుకు చేసినదే దాని మొదటి ప్రయాణం, చివరి ప్రయాణం కూడా.

ప్రశ్న: ట్రైలరు చవక, ఇల్లు ఖరీదు. మరి ట్రైలర్లలో ఉన్నవారు అన్ని లక్షల మంది అంత త్వరగా సొంత ఇళ్లు ఎలా కొనగలిగారు? జీతాలు అంతగా పెరిగాయా? (ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

జవాబు: వృత్తిరీత్యా మీకు నచ్చే జవాబే ఇది. జీతాలు పెరిగిన మాట నిజమే గాని, 1950లో సగటు స్థాయి అమెరికన్ కుటుంబం ఏడాది ఆదాయం ఇంకా 3,300 డాలర్ల దగ్గరే ఉంది. మారినది వాయిదా లెక్క.

1930లకు ముందు అక్కడ ఇంటి అప్పు అంటే, ఖరీదులో సగం దాకా ముందే కట్టి, మిగతాది మూడు నుంచి అయిదేళ్లలో తీర్చడం. గడువు చివర అసలు మొత్తం ఒక్కసారిగా మీద పడేది. మాంద్యంలో లక్షల ఇళ్లు బ్యాంకుల పాలు కావడానికి ఈ పద్ధతే ఒక కారణం. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌హెచ్‌ఏ, తాను అప్పు ఇవ్వకుండా, బ్యాంకు ఇచ్చిన దీర్ఘకాలిక అప్పుకు బీమా ఇవ్వడం మొదలుపెట్టింది. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన మాజీ సైనికుల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, వారు తీసుకునే ఇంటి అప్పులో సగానికి, 2,000 డాలర్ల వరకు, ప్రభుత్వం పూచీ పడుతుందన్నది. 1945 చివర ఆ పరిమితిని 4,000 డాలర్లకు పెంచారు. వడ్డీ 4 శాతం మించకూడదు. గడువు పాతికేళ్లు, ఆ తర్వాత ముప్పై. పూచీ ఉండడంతో చాలాచోట్ల బ్యాంకులు ముందస్తు సొమ్ము కూడా అడగలేదు. 1944 నుంచి 1952 వరకు ఇలా దాదాపు 24 లక్షల అప్పులకు ప్రభుత్వం పూచీ ఇచ్చింది.

ఇప్పుడు ట్రైలరు సంగతి చూడండి. దానికి చక్రాలున్నాయి, నంబరు పలక ఉంది. కాబట్టి చట్టం దృష్టిలో అది వాహనం, చరాస్తి. దానికి దొరికేది కారు అప్పు లాంటిదే: మూడో వంతో నాలుగో వంతో ముందు కట్టాలి, మిగతాది అయిదు నుంచి ఏడేళ్లలో, ఎక్కువ వడ్డీతో తీర్చాలి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 4,000 డాలర్ల బాకీని అయిదేళ్లలో తీర్చాలంటే, వడ్డీని పక్కన పెట్టినా అసలుకే నెలకు 66 డాలర్లు దాటుతుంది. పార్కులో స్థలానికి అద్దె వేరే. 1949లో న్యూయార్కు దగ్గరి లెవిట్‌టౌన్ అనే కొత్త కాలనీలో 7,990 డాలర్ల కొత్త ఇంటికి మాజీ సైనికుడు కట్టవలసిన నెలవారీ సొమ్ము 58 డాలర్లు. ఖరీదు రెట్టింపు, వాయిదా మాత్రం తక్కువ! పైగా ఇంటి కింద నేల కూడా తనదే, ఏటేటా దాని విలువ పెరుగుతుంది. ట్రైలరు విలువ పాత కారు విలువలాగే తరుగుతుంది.

రాంబ్లరు అందాన్ని మెచ్చుకుంటూ వాస్తుశిల్పుల గొప్పతనం గురించి పుటలకు పుటలు రాసేవారున్నారు. నా మట్టుకు నాకు, ఆనాటి ఇంటి రూపాన్ని నిర్ణయించినది గీతల బల్ల కన్నా అప్పు పత్రమే అనిపిస్తుంది. ఎఫ్‌హెచ్‌ఏ బీమా కావాలంటే గది కొలతలు ఇంత, స్థలం హద్దు నుంచి గోడ దూరం ఇంత, వీధి వంపు ఇలా అని ఆ సంస్థ మార్గదర్శకాలు ప్రచురించేది. గుత్తేదారు అప్పు దొరికే ఇల్లే కట్టేవాడు. చక్రాలున్న ఇంటికి ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. 1969లో ఎఫ్‌హెచ్‌ఏకు, 1970లో మాజీ సైనికుల పథకానికి మొబైల్ హోమ్ అప్పుల మీద అధికారం ఇస్తూ చట్టాలు వచ్చాయి. దేశమంతటికీ ఒకే నిర్మాణ ప్రమాణం 1976 జూన్ 15 నుంచి అమలైంది. అప్పటికే ఊళ్లు తమ భూవినియోగ నిబంధనలతో ట్రైలర్ల పార్కులను రైలు పట్టాల పక్కకూ గోదాముల వెనక్కూ నెట్టేశాయి. 1950 నుంచి 1970 మధ్య అలాంటి ఇళ్ల సంఖ్య 3 లక్షల పైచిలుకు నుంచి 20 లక్షలు దాటినా, ట్రైలరుకూ ఇంటికీ మధ్య గీసిన గీత నేటికీ పూర్తిగా చెరిగిపోలేదు.

మరొక సంగతి మీ దృష్టికి. దంపతులిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నా, పిల్లలు పుడితే మానేస్తుందన్న సాకుతో భార్య జీతాన్ని బ్యాంకులు పూర్తిగా లెక్కలోకి తీసుకునేవి కావు. అప్పుల్లో స్త్రీల పట్ల వివక్షను నిషేధించే చట్టం 1974లో గాని రాలేదు.

ప్రశ్న: లెవిట్‌టౌన్‌లో రోజుకు ముప్పై ఇళ్లు పూర్తిచేసేవారని చదివాను. కాంక్రీటు గట్టిపడే క్యూరింగుకైనా సమయం కావద్దా? (సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: ఒక ఇంటిని ఒక్కరోజులో లేపారని కాదు. వేర్వేరు దశల్లో ఉన్న వందల ఇళ్ల మీద ఒకేసారి పని నడుస్తుండగా, జోరు మీద ఉన్న రోజుల్లో సాయంత్రానికి ముప్పైకి పైగా ఇళ్లు ఆఖరి దశ దాటేవి. లాంగ్ ఐలాండ్‌లోని బంగాళాదుంప పొలాల్లో 1947లో లెవిట్ అండ్ సన్స్ మొదలుపెట్టిన ఆ కాలనీలో 1951 నాటికి 17,447 ఇళ్లు లేచాయి. పనిని 27 దశలుగా విడదీశారు. కార్ల కర్మాగారంలో కారు కదులుతుంది, కార్మికుడు నిలబడతాడు. ఇక్కడ ఇల్లు కదలదు కాబట్టి కార్మికుల జట్లు ఇంటింటికీ కదిలాయి. ఒక జట్టు పనల్లా నేలకు పలకలు అతికించడమే, ఇంకో జట్టుది రంగు వేయడమే. కొలతకు కోసిన కలప లారీల్లో వచ్చి ప్రతి స్థలం ముందూ కట్టలుగా దిగేది.

మీలాంటివారు గమనించవలసిన పొదుపులు రెండు. మొదటిది పునాది. నేలమాళిగ తవ్వకుండా నేరుగా కాంక్రీటు శ్లాబు పోశారు. నేలమాళిగ లేని ఇంటిని హెంప్‌స్టెడ్ స్థానిక నిబంధనలు ఒప్పుకోకపోతే, మాజీ సైనికులు గుంపుగా వచ్చి పట్టుబట్టి 1947లో వాటిని మార్పించారు. రెండోది గోడ. పాత పద్ధతిలో చెక్క బద్దెల మీద గార పూసి వారాల తరబడి ఆరనివ్వాలి. దాని బదులు జిప్సం పలకలను మేకులతో బిగించి, కీళ్లు మూసి రంగు వేశారు. మొదటి నమూనా కొలత 750 చదరపు అడుగులు: రెండు పడకగదులు, ఒక స్నానాల గది, తర్వాత కావాలంటే గదులుగా మార్చుకోగలిగిన అటక. వేడి కోసం శ్లాబులోనే రాగి గొట్టాలు పరిచి వేన్నీళ్లు పారించారు. చలిలో నేల వెచ్చగా ఉండేది, పిల్లలు నేల మీదే ఆడుకునేవారు. ఏళ్లు గడిచాక గొట్టాలు కారడం మొదలైతే మాత్రం నేలను పగలగొట్టడం కన్నా గోడ వెంబడి కొత్త హీటర్లు పెట్టుకోవడమే మేలని చాలామంది తేల్చుకున్నారు.

ప్రశ్న: ఇనుప రేకులతో ఇళ్లు కూడా చేశారట, నిజమేనా? అవెందుకు నిలవలేదు?

జవాబు: నిజమే. పింగాణీ పూత పూసిన ఉక్కు పలకలతో లస్ట్రాన్ అనే ఇల్లు వచ్చింది. ఒహాయోలోని కొలంబస్ నగరంలో యుద్ధకాలపు విమాన కర్మాగారంలో, కార్ల్ స్ట్రాండ్‌లండ్ అనే పారిశ్రామికవేత్త ప్రభుత్వం నుంచి 3 కోట్ల 75 లక్షల డాలర్ల అప్పు తెచ్చి దీన్ని నడిపాడు. రంగు వేయనక్కరలేదు, చెద పట్టదు, నీళ్లతో కడిగేసుకోవచ్చు. గోడకు పటం తగిలించాలంటే మాత్రం మేకు దిగదు, అయస్కాంతం కావాలి. సుమారు 2,500 ఇళ్లు తయారయ్యేసరికి, 1950లో, బాకీ తీరలేదని ప్రభుత్వమే సంస్థను స్వాధీనం చేసుకుంది. ఉత్పత్తి భారీగా ఉంటేనే గిట్టుబాటయ్యే కర్మాగారం అది. ఆ స్థాయి ఎప్పుడూ అందలేదు. చెక్క చట్రపు ఇల్లు కట్టే గుత్తేదారుకు సుత్తి, రంపం, బ్యాంకు అప్పు ఉంటే చాలు.

ప్రశ్న: మేము మినెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ శివారులో 1956లో కట్టిన రాంబ్లర్ కొన్నాం. పడకగదులు ఇరుకు, కింద బేస్‌మెంటు మాత్రం ఇల్లంత ఉంది. వెనుక తలుపు పక్కన గోడలో చిన్న తలుపొకటి, స్నానాల గది అల్మారాలో సన్నని చీలిక ఒకటి ఉన్నాయి. ఇవన్నీ ఏమిటి? బేస్‌మెంటులో పాత పలకలు పీకేయవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా కొనుగోలుకు అభినందనలు. కాలిఫోర్నియాలో 1930ల నుంచి ఇళ్ల రూపకర్త క్లిఫ్ మే కట్టిన రాంచ్ ఇళ్లు ఈ వంశానికి మూలపురుషులు: ఒకే అంతస్తు, వాలు తక్కువున్న కప్పు, పెరటి వైపు తెరుచుకునే గదులు. మీ ప్రాంతంలో దాన్నే రాంబ్లర్ అంటారు. కాలిఫోర్నియాలో అది శ్లాబు మీద కూర్చుంటుంది. దక్షిణ మినెసోటాలో చలికి నేల గడ్డకట్టి పైకి ఉబ్బుతుంది కాబట్టి పునాది కనీసం 42 అంగుళాల లోతుకు దిగాలి. ఎలాగూ అంత తవ్వాక, ఇంకో నాలుగడుగులు తవ్వితే ఇంటి అడుగంతా గది వస్తుంది. ఇంటిని వేడిచేసే ఫర్నేసు, బట్టలుతికే తొట్టి అందులోకి పోవడంతో పై అంతస్తులో వాటికి చోటు కేటాయించే పని తప్పింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక దాన్నే ఆటల గదిగా, మరో పడకగదిగా మార్చుకున్నారు. మీ ఇంట్లో చెక్క పలకలు బిగించిన గోడలుంటే అవి బహుశా అలా తర్వాత వచ్చినవే.

పడకగదుల ఇరుకుకు కారణం తెలియాలంటే బేస్‌మెంటులో నిలబడి పైకి చూడండి. ఇంటి వెడల్పు 24 నుంచి 26 అడుగులు ఉంటుంది. మధ్యలో పొడవునా ఒక దూలం, దానికి అటూ ఇటూ పన్నెండు పదమూడడుగుల చెక్క వాసాలు కనిపిస్తాయి. అంతకంటే పొడవైతే లావుపాటి కలప కావాలి, ఖర్చు పెరుగుతుంది. అందుకే పైన గదుల లోతు ఆ కొలతలోనే ఇమిడింది. 1950లో దేశంలో కొత్త ఇంటి సగటు వైశాల్యం 983 చదరపు అడుగులు. ఆ లెక్కన మీ ఇల్లు ఆనాటికి చిన్నదేమీ కాదు. ఆ మధ్య దూలం పైన ఉన్న గోడను, గదిని విశాలం చేద్దామన్న ఉత్సాహంతో ఇంజినీరును అడగకుండా తీసేయకండి.

గోడలోని చిన్న తలుపు పాలవాడి కోసం. బయటి వైపు తలుపు తీసి అతను సీసాలు లోపల పెడితే, ఇంటావిడ లోపలి వైపు తలుపు తెరిచి తీసుకునేది; ఎముకలు కొరికే చలిలో వాకిలి తీయనక్కరలేదు. స్నానాల గది అల్మారాలోని చీలిక వాడేసిన షేవింగు బ్లేళ్లు పడేయడానికి. అవి ఎక్కడికీ పోవు, గోడ లోపల కిందికి జారి అక్కడే ఉంటాయి. ఆ గోడ ఎప్పుడైనా విప్పితే మందపాటి చేతితొడుగులు వేసుకోమని పనివారికి తప్పక చెప్పండి.

పలకల విషయంలో జాగ్రత్త అవసరం. ఆ కాలపు 9 అంగుళాల చదరపు నేల పలకల్లో, పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండే అవకాశం చాలా ఎక్కువ, వాటి కింది నల్లటి జిగురులో కూడా. పగలకుండా ఉన్నంతవరకు భయం లేదు. ప్రయోగశాలలో పరీక్ష చేయించకుండా గీకడం, కోయడం, పగలగొట్టడం చేయవద్దు. అలాగే 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. గోడ సాకెట్లు రెండు చీలికలవే అయితే భూమి తీగ లేదన్నమాట. మూడు కాళ్ల ప్లగ్గు దూరేలా సాకెట్టు ఒక్కటీ మార్చేసి ఊరుకోవద్దు. గదుల్లో పాత తివాచీ ఉంటే ఒక మూల ఎత్తి చూడండి. ఆనాటి ఇళ్లలో చాలావాటికి కింద ఓక్ చెక్క నేల ఉంటుంది.

ప్రశ్న: మాస్కోలో అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నేత కృశ్చేవ్ వాదులాడుకున్నది ఇలాంటి ఇంట్లోనేనా?

జవాబు: అవును. 1959 జులై 24న, సొకోల్నికి పార్కులో అమెరికా పెట్టిన ప్రదర్శనలో. లాంగ్ ఐలాండ్ గుత్తేదారు ఒకరు అమ్మే 14,000 డాలర్ల ఇంటి నమూనాను, సందర్శకులు నడిచి వెళ్లేందుకు నడిమికి చీల్చి నిలబెట్టారు. తమ దేశపు ఉక్కు కార్మికుడు దీన్ని కొనగలడని నిక్సన్ అన్న మాట ఆ వేతనాలకు, ఆ అప్పులకు సరిపోయేదే. ఆ కార్మికుడు తెల్లవాడై ఉండాలన్న షరతును మాత్రం ఆయన చెప్పలేదు. తరువాతి ప్రశ్న దాని గురించే.

ప్రశ్న: ప్రభుత్వ పూచీ మాజీ సైనికులందరికీ సమానమే కదా. మరి నల్లజాతివారు ఈ కాలనీల్లో ఎందుకు కనిపించరు? మినెసోటా లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో కూడా ఇలాగే జరిగిందా? (ఇద్దరు పాఠకులు విడివిడిగా అడిగారు)

జవాబు: చట్టంలో రంగు ప్రస్తావన లేదు. అప్పు ఇచ్చేది బ్యాంకు, ఇల్లు అమ్మేది గుత్తేదారు, విలువ కట్టేది ఎఫ్‌హెచ్‌ఏ నిబంధనలు తెలిసిన అధికారి. ఈ ముగ్గురి చేతుల్లోనూ వడపోత జరిగింది. వేర్వేరు జాతులవారు పక్కపక్కన ఉంటే ఆస్తి విలువ పడిపోతుందన్న నమ్మకాన్ని ఎఫ్‌హెచ్‌ఏ తన మార్గదర్శక గ్రంథంలోనే రాసుకుని, ఫలానా జాతివారికి అమ్మకూడదు, ఉండనివ్వకూడదు అన్న షరతులున్న దస్తావేజులను మెచ్చుకుంది. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 పట్టణాల్లో మాజీ సైనికుల పథకం కింద పూచీ దొరికిన 3,229 అప్పుల్లో నల్లజాతివారికి దక్కినవి రెండు. లెవిట్‌టౌన్ తొలి అద్దె ఒప్పందాల్లో, ఇంటి పనివారిగా తప్ప తెల్లవారు కానివారిని అక్కడ ఉండనివ్వకూడదన్న షరతు ఉండేది. అలాంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయకూడదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక కాగితం మారింది గాని అమ్మేవారి తీరు మారలేదు. 1960 నాటికి కూడా ఆ కాలనీలో నల్లజాతివారు దాదాపు లేరనే చెప్పాలి.

పెన్సిల్వేనియాలో కట్టిన రెండో లెవిట్‌టౌన్‌లో 1957 ఆగస్టులో విలియం మైయర్స్, డెయిసీ మైయర్స్ దంపతులు, ఆయనా మాజీ సైనికుడే, మొదటి యజమాని నుంచి ఇల్లు కొని పిల్లలతో దిగారు. రాత్రికి రాత్రే ఇంటి ముందు గుంపు చేరి రాళ్లు రువ్వింది. వారాల తరబడి వేధింపులు సాగితే రాష్ట్ర పోలీసులు రావలసి వచ్చింది. కొందరు ఇరుగుపొరుగువారు వారికి అండగా నిలిచి రాత్రిళ్లు కాపలా కాసిన మాట కూడా చెప్పాలి. మైయర్స్ కుటుంబం అక్కడే నిలదొక్కుకుంది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను నిషేధించే సమగ్రమైన జాతీయ చట్టానికి 1968 దాకా ఆగవలసి వచ్చింది. ఈ ఇరవయ్యేళ్లలోనే ఇళ్ల ధరలు పెరిగాయి. ఇల్లున్నవారి పిల్లల చదువులకూ వ్యాపారాలకూ ఆ విలువే పెట్టుబడి అయింది. మొదట్లో కొననివ్వనివారికి ఆ నష్టాన్ని తర్వాతి చట్టం పూడ్చలేదు.

ఉత్తరాది మినహాయింపు కాదు. మినియాపొలిస్‌లో ఇలాంటి షరతులు 1910 నుంచే దస్తావేజుల్లోకి ఎక్కాయి. కొత్తగా రాయడాన్ని మినెసోటా శాసనసభ 1953లో నిషేధించింది. ఆ తర్వాత కట్టిన ఇల్లయినా, స్థలాన్ని అంతకుముందే విభజించి ఉంటే, పాత దస్తావేజులో ఆ వాక్యం ఉండవచ్చు. మినెసోటా విశ్వవిద్యాలయం 2016 నుంచి మ్యాపింగ్ ప్రెజుడిస్ అనే పథకం కింద పాత దస్తావేజులను చదివించి, షరతులున్న స్థలాలను పటం మీద గుర్తిస్తోంది. ఆ వాక్యానికి ఇప్పుడు చట్టబలం ఏమీ లేదు. అయినా తమ పేరుతో ఉన్న ఆస్తి మీద అది ఉండడం ఇష్టంలేని యజమానులు, 2019లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం, అది చెల్లదని తెలిపే పత్రాన్ని కౌంటీ రికార్డు కార్యాలయంలో దాఖలు చేయవచ్చు. పాత దస్తావేజును చెరపరు. కొత్త పత్రాన్ని దానికి జతగా నమోదు చేస్తారు. కొన్ని నగరాలు జస్ట్ డీడ్స్ అనే కార్యక్రమం ద్వారా ఈ పనిలో ఉచితంగా సాయం చేస్తున్నాయి. మీ నగరం అందులో ఉందో లేదో నగర కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.